దప్పి నూలు

ఓబులేసుకు చిన్నప్పటినుంచీ ఒక అనుమానం ఉంది. సోడా బండి దగ్గర ఐసు ముక్క వేసిన ఇత్తడి చెంబు అరుగు మీద పెడితే కాసేపటికి చెంబు బయట చెమట పడుతుంది. చెంబుకు చిల్లి లేదు, నీళ్ళు పొర్లలేదు. మరి ఆ చుక్కలు ఎక్కడివి? బళ్ళో అడిగితే గాలిలోవి అని అయ్యవారు చెప్పాడు. గాలిలోకి ఎక్కడినుంచి వచ్చాయంటే చెరువులోనుంచి అన్నాడు. చెరువు ఎండి పగుళ్ళు బారిన ఏడు కూడా చెంబుకు చెమట పట్టింది. అయితే అవి ఎవరి నీళ్ళు? ఆ మాట అయ్యవారికి తెలియలేదు. ఓబులేసు ఆ అనుమానంతో అయిదో తరగతి దాటాడు గానీ ఆరోది దాటలేదు. తండ్రితో పాటు మగ్గం గుంతలోకి దిగాడు.

ధర్మవరం బయట కాలనీలో సొంత ఇల్లు కట్టుకున్నాక అనుమానాలు ఇంకా పెరిగాయి. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి పడుకున్నా కరెంటు మీటరు ఎర్ర కన్ను ఎందుకు ఆర్పుతూ తెరుస్తూ ఉంటుంది? కొళాయి తిప్పితే నీళ్ళకు ముందు బుస్సుమని గాలి వస్తుంది. ఆ గాలికి నీటి మీటరు గిర్రున తిరుగుతుంది, బిల్లు మాత్రం నీళ్ళకే వస్తుంది.

"గాలి కూడా పంచభూతాల్లో ఒకటే కదమే. దానికీ సుంకం కడ్తాండాం, పుణ్యమే" అనేవాడు భార్య నాగరత్నమ్మతో.

"అయితే ఆ భూతాన్నే బిందెకు పట్టుకోని రా. పప్పు ఉడకేస్తా" అనేది ఆవిడ.

ఆవిడ ఎగతాళికి అన్న మాట నిజమైంది.

రైలు గేటు అవతల మూతపడిన నూలు మిల్లు షెడ్డులో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. అక్కడి ఇంజనీరు, మైథిలి అనే అమ్మాయి, కొత్త రకం నూలు తయారు చేసింది. తెల్లగా, ఉప్పు రాసినట్టు గరుకుగా ఉండేది. ఆ నూలు గాలిలో తేమ తాగుతుంది. కాస్త వెచ్చచేస్తే తాగిన నీటిని విడిచేస్తుంది. దాన్ని వలగా నేయాలి. మరమగ్గం మీద వేస్తే పుటుక్కున తెగిపోతోంది. చేమగ్గం మీద నేసేవాళ్ళు ఎవరని వెతుక్కుంటూ ఆ అమ్మాయి ఓబులేసు ఇంటికి వచ్చింది.

నేసినన్ని నాళ్ళూ ఓబులేసు వేళ్ళ కొసలు పగిలి చిట్లాయి. రోజూ కొబ్బరినూనె రాసుకునేవాడు.

"చేతిలో తడి కూడా వదలదు కదమ్మా, ఏం నూలిది?" అని అడిగాడు.

"అది దానికి తెలియదు ఓబులేసు గారూ. తడి ఎక్కడుంటే అక్కడ తాగుతుంది" అంది మైథిలి నవ్వుతూ.

"దప్పిగొన్న నూలు" అన్నాడాయన. కేంద్రంలో అందరూ దాన్ని దప్పి నూలు అనే పిలవడం మొదలుపెట్టారు.

వల పూర్తయ్యాక ఆయనను షెడ్డుకు పిలిచి చూపించారు. నాలుగు వైపులా అద్దాలు బిగించిన ఖాళీ గది. అందులో ఒక పళ్ళెం నిండా నీళ్ళు. గోడకు రాట్నం లాంటి చట్రం, దాని మీద ఆయన నేసిన వల. చట్రం మెల్లగా తిరుగుతుంటే ఒకవైపు వల తాగుతోంది, రెండో వైపు వేడి తగిలి కక్కుతోంది. అద్దం బయట సీసాలోకి బొట్లు బొట్లుగా నీళ్ళు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి పళ్ళెం అడుగు కనిపించింది. సీసా నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఓబులేసూ కొట్టాడు.

"ఇంట్లో పెడితే పళ్ళెం పెట్టనక్కర్లేదండీ. కిటికీలోంచి వచ్చే గాలి చాలు" అంది మైథిలి. "మొదటి యంత్రం మీ ఇంట్లోనే పెడతాం. మీరు నేసినది కదా."

వెనక గదిలో పడమటి కిటికీకి ఎదురుగా గోడకు దాన్ని బిగించారు. వంటింట్లో నీలం డ్రమ్ము పెట్టి గొట్టం కలిపారు. డ్రమ్ములో ఎంత పడిందీ కేంద్రంలో కూచుని చూసుకోగలిగే ఏర్పాటు చేశారు. మర్నాడు పొద్దున నాగరత్నమ్మ డ్రమ్ములోకి తొంగి చూసి, పసుపూ కుంకుమా తెచ్చి దానికి బొట్టు పెట్టింది.

ఓబులేసు దగ్గర తాతల నాటి ఇత్తడి నరసింహస్వామి ఉన్నాడు. రోజూ అభిషేకం చేసి మూడు ఉద్ధరిణెలు తీర్థం పుచ్చుకుని గానీ ఆయన మగ్గంలో దిగడు. ట్యాంకరు నీళ్ళు ఎవరెవరి చేతులు పడి వచ్చేవో, ఏ బావివో అని మనసు పీకేది. ఈ నీళ్ళు ఎవరి చెయ్యీ పడనివి. భూమిని కూడా తాకనివి. ఇంతకు మించిన మడి నీళ్ళు ఉంటాయా? అలాగని, ఎవరి నీళ్ళన్న పాత ప్రశ్న పోలేదు. అభిషేకం చేస్తూ అప్పుడప్పుడు స్వామినే అడిగేవాడు. స్వామి ఇత్తడి కళ్ళతో చూసేవాడు.

ఎండాకాలం ముదిరాక కూతురు చంద్రకళ పురిటికి వచ్చింది. అల్లుడు బళ్ళారి దగ్గర ఇనుము గనిలో లారీ తోలుతాడు, దించి వెళ్ళిపోయాడు. ప్రభుత్వాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. చెయ్యి బయటికి చాచి గొంతు చించుకుని ఏడుస్తుంటే, "మగ్గం శబ్దాన్ని కూడా మించిపోతాదే ఇది" అని మురిసిపోయాడు ఓబులేసు.

ఇంటికి తెచ్చాక వెనక గదే పురిటిగది అయింది. పక్క గదిలో మగ్గం, ముందు గదిలో దేవుడు. వేరే చోటు లేదు. బాలింతకు గాలి తగలకూడదని నాగరత్నమ్మ పడమటి కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, పైన గోనెపట్టా కట్టింది. కూతురి చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ చుట్టింది. పూటపూటకూ కుంపట్లో సాంబ్రాణి.

"ఆ మిషను ఆపల్లనా?" అని అడిగింది.

ఓబులేసు ఆలోచించాడు. బాలింతకు రోజూ కాగుడు నీళ్ళు పొయ్యాలి. పొత్తిగుడ్డలు ఉతకాలి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. "దాని మానాన అది తిరుగుతాంది. గాలి పడదు కదా, శబ్దం కూడా లేదు. ఉండనీ" అన్నాడు.

కూతురి పురుడు తండ్రికి మూడు రోజులే పట్టింపని పురోహితుడు చెప్పాడు. నాలుగో రోజు తలంటు పోసుకుని ఆయన మళ్ళీ స్వామికి అభిషేకం మొదలుపెట్టాడు. పురిటిగదిలో అడుగు పెడితే మడి పోతుంది. అందుకని మనవరాలిని గడప ఇవతలినుంచే చూసేవాడు. ఎర్రటి పిడికిలి, నల్లటి జుట్టు, అంతే కనిపించేవి.

విచిత్రం ఏమంటే, కిటికీ మూసినా డ్రమ్ము తగ్గలేదు. పెరిగింది. అంతకు ముందు సగం దాకా పడేది, ఇప్పుడు అంచు దాకా పడుతోంది.

"చూసినావా? గంగమ్మే పుట్టింది మన ఇంట్లో" అన్నాడు.

"దిష్టి పెట్టొద్దు నీ నోటితో" అని నాగరత్నమ్మ చీపురు పుల్లలు తెచ్చి పాపకు దిగదుడిచింది.

ఒక సాయంత్రం గడప దగ్గర నిలబడితే లోపలినుంచి చంద్రకళ పిలిచింది.

"నాయనా, గొంతు ఎండిపోతాంది. ఒక గలాసు నీళ్ళియ్యమని అమ్మకు చెప్పు."

"పొద్దున సగం గలాసు ఇచ్చినా కదే" అంది నాగరత్నమ్మ వంటింట్లోనుంచి. "పచ్చి బాలింతవి. నీళ్ళు తాగితే ఒంటికి నీరు పడ్తాది. మీ అవ్వ నాకు వక్కాకు తప్ప ఏమీ ఇచ్చింది లేదు, నేను బతకలేదా?"

"పాలు కూడా సరిగ్గా రాలేదమ్మా."

"వెల్లుల్లి కారం తిను, వస్తాయి."

ఓబులేసుకు ఇద్దామనే ఉంది. డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి, చెయ్యి చాపితే గలాసు అందుతుంది. కానీ ఆడవాళ్ళ పథ్యం సంగతి మగవాడికేం తెలుసు? ఆయన తల్లి అట్లానే చేసింది, ఆమె తల్లీ అట్లానే చేసి ఉంటుంది. "రొంత ఓర్చుకో తల్లీ. పురుడు తీరితే కడివెడు తాగుదువు" అని మగ్గంలోకి వెళ్ళిపోయాడు.

మగ్గం కూడా ఆ నాళ్ళలో సాగలేదు. పడుగు పోగులు ఊరికే తెగుతున్నాయి. ఒకటి అతికేలోపల రెండు. వడగాలి రోజుల్లో పట్టు పెళుసెక్కుతుందని నేతగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే గుంతలో తడి గోనె పరిచాడు. పొద్దున పరిచినది మధ్యాహ్నానికి పెళపెళలాడింది. మళ్ళీ తడిపాడు. ఆయన కోపం పట్టు మీదికి పోయింది. పట్టు ఇచ్చిన సావుకారుకు ఫోను చేసి, "ఏం స్వామీ, కుళ్ళిన పట్టు అంటగట్టినావు? ఊపిరి తగిలితే తెగుతాంది" అని గొడవపడ్డాడు.

"అదే పట్టు ఊరంతా నేస్తాండారు. నీ ఒక్కనికే తెగుతాందా?" అన్నాడు సావుకారు.

ఆ మాట దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. అప్పుడే వాకిట్లో కారు ఆగింది.

మైథిలి, కేంద్రంలోని పెద్దలు ఇద్దరు, ఒక ఫోటోలు తీసే మనిషి. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. "ఓబులేసు గారూ, జిల్లా మొత్తంలో పెట్టిన అన్ని యంత్రాల్లోకీ మీదే ఎక్కువ పట్టింది! ఇంత ఎండలో ఇది ఎలా సాధ్యమో మాకే అర్థం కావడం లేదు. ఒకసారి యంత్రం చూడనిస్తారా?"

ఓబులేసు పురిటిగది వైపు చూశాడు. "లోపల పురుడు ఉందమ్మా. మీరు ఎక్కడెక్కడికో పోయే వాళ్ళు, మైల తగులుకుంటాది. డ్రమ్ము చూడండి, డ్రమ్ము వంటింట్లోనే ఉండాది."

"ఓ, శుభం! ఆడపిల్లా?"

"లక్ష్మి."

వాళ్ళు డ్రమ్మునే చూశారు. పెద్దాయన ఒకరు గలాసుతో ముంచుకుని తాగి, "తీర్థంలా ఉంది" అన్నాడు. డ్రమ్ము పక్కన ఓబులేసును నిలబెట్టి ఫోటో తీశారు. తలుపు అవతల పాప ఒకసారి సన్నగా మూలిగింది.

"చాలా నెమ్మదస్తురాలు మీ మనవరాలు. చడీ చప్పుడూ లేదు" అంది మైథిలి.

"మొదట్లో గొంతు చించుకునేది. ఇప్పుడు బుద్ధి వచ్చింది" అని నవ్వాడు ఓబులేసు.

వాళ్ళు వెళ్ళిపోయాక నాగరత్నమ్మ ఉతికిన పొత్తిగుడ్డల మూటతో వచ్చింది. "మంచి బిడ్డ. గుడ్డలు తడిపిందే లేదు నిన్నటినుంచి. ఇవి ఊరికే ఉతికినా. గదిలో దండెం మీద వేస్తే అన్నం తిని వచ్చేలోపల అట్టలైనాయి చూడు" అని ఒక గుడ్డ ఆయన చేతికి ఇచ్చింది.

ఓబులేసు గుడ్డను వేళ్ళతో నలిపాడు. అది పెళుసుగా విరిగినట్టు చప్పుడు చేసింది. వేళ్ళ కొసలు చిరచిరలాడాయి. ఆ చిరచిర ఆయనకు తెలుసు. వల నేసిన నాళ్ళలో కొబ్బరినూనె రాసుకున్న వేళ్ళకు అది తెలుసు.

తెగిన పోగులు, ఎండిన గోనె, మూసిన కిటికీ, అద్దాల గదిలో అడుగంటిన పళ్ళెం. అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. అక్కడ నీళ్ళ పళ్ళెం ఉండింది. ఇక్కడ పళ్ళెం లేదు. ఇద్దరు మనుషులు ఉన్నారు.

మడి బట్టతోనే గడప దాటాడు. లోపల గాలి ముక్కులోకి వేడి బూడిదలా దిగింది. యంత్రం చట్రం నిదానంగా, సాధువుగా తిరుగుతోంది. దాని తీగ పట్టుకుని ఊడబెరికాడు. గోనెపట్టా చింపి కిటికీ తోశాడు. చంద్రకళ కళ్ళు తెరిచి చూసింది, పెదాలు తెల్లగా చీలి ఉన్నాయి. "గాలి... బిడ్డకు గాలి తగుల్తాది నాయనా" అంది బొంగురుగా.

పాప ఏడవడం లేదు. నోరు తెరిచే ఉంది, ఏడ్చే పనిలో ఉన్నట్టు. నాగరత్నమ్మ పరుగున వచ్చి నెత్తి మీది గుడ్డ తీసింది. మాడు గుంట పడి ఉంది, వేలు పెడితే దిగేటంత.

"నరసింహా!" అని ఆవిడ కింద కూలబడింది.

ఆటో పెద్దాసుపత్రి చేరేసరికి ఓబులేసు ఒళ్ళోనే పాప బరువు మారిపోయింది. డాక్టరు చూసి, ఆ చిన్న చేతికి సూది ఎక్కడ గుచ్చాలో వెతికి, వెతికి, మెల్లగా చెయ్యి కింద పెట్టాడు. "ఒంట్లో నీరు లేదు" అన్నాడు. "తల్లినైనా వెంటనే తీసుకురండి."

చంద్రకళకు సెలైను ఎక్కించారు. బతికింది. అల్లుడు వచ్చాడు. పేరు పెట్టని బిడ్డ గనుక దహనం లేదు, కాలనీ వెనక వానాకాలం మాత్రం పారే వంక గట్టున పూడ్చారు. తువ్వాలులో చుట్టి ఓబులేసే మోసుకుపోయాడు. అల్లుడు గట్టు మీద కూచుని ఎంత పిలిచినా లేవలేదు.

కొద్ది రోజులకు, చంద్రకళ ఇంటికి వచ్చి, అల్లుడు గనికి తిరిగి వెళ్ళాక, మైథిలి ఒక్కతే వచ్చింది. ఈసారి కారులో కాదు. వాకిట్లోనే నిలబడింది.

"లోపలికి రామ్మా. ఇంక మైల ఏమీ లేదు" అన్నాడు ఓబులేసు.

ఆ అమ్మాయి పురిటిగదిలో యంత్రాన్నీ, కిటికీ చువ్వలకు ఇంకా వేలాడుతున్న గోనె పీలికలనూ చూసింది.

"ఖాళీ గదిలో చూశాం. కిటికీలు తీసిన ఇళ్ళలో చూశాం" అంది. "ఎండాకాలంలో ఎవరైనా కిటికీ మూసుకుని ఉంటారని... మాలో ఒక్కరికీ తోచలేదు. మా అమ్మ నన్ను కన్నప్పుడు కూడా ఇలాగే మూసి ఉంటుంది. నాకు తోచలేదు. అంకె పెరుగుతుంటే నేను చప్పట్లు కొట్టాను."

"నేనూ కొట్టినా కదమ్మా."

"నా తప్పు ఓబులేసు గారూ."

"కాదని నేను చెప్పలేను తల్లీ. నాది కాదని నువ్వు చెప్పొద్దు."

వంటింట్లో నాగరత్నమ్మ పాత్రలు కదిలే చప్పుడు ఆగిపోయింది.

ఓబులేసు డ్రమ్ము మూత తీశాడు. సగానికి పైగా నీళ్ళు ఉన్నాయి. ఆ రోజునుంచీ ఎవరూ ముట్టలేదు. "నాకొకటి చెప్పమ్మా. చిన్నప్పటినుంచీ అడగతాండా, ఎవరూ చెప్పలేదు. ఈ నీళ్ళు ఎవరివి?"

ఆయనే వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.

"బాలింతకు పోసిన కాగుడు నీళ్ళవి కొన్ని. పొత్తిగుడ్డలవి కొన్ని. నా కూతురివి కొన్ని. పాపవి ఎన్ని?"

"వేరు చేసి చెప్పలేమండీ."

"చెప్పలేరు" అన్నాడాయన. ఆ నాళ్ళన్నీ పొద్దున్నే స్వామికి పోసినది ఏమిటో, కళ్ళకద్దుకుని మూడు ఉద్ధరిణెలు గొంతులో పోసుకున్నది ఏమిటో ఆయనకు తెలుసు. ఆ మాట బయటికి అనలేదు. భార్య వింటోంది.

యంత్రాన్ని విప్పి తీసుకుపోతామని, అన్ని ఇళ్ళలోనూ ఆపించామని మైథిలి చెప్పింది. "డ్రమ్ము కూడా తీసేయిస్తాను. నీళ్ళు పారబోయించి..."

"వద్దు."

ఆ మాట అన్నది ఓబులేసు కాదు. గదిలోనుంచి చంద్రకళ లేచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "మోరీలో పొయ్యొద్దండి. నా బిడ్డవి."

వంటింట్లోనుంచి పెద్ద ఇత్తడి బిందె తీసింది. వంగి చెంబుతో డ్రమ్ములోనుంచి ముంచి పొయ్యసాగింది. ఆమె ఏం చెయ్యబోతోందో ఓబులేసుకు తెలిసింది. డ్రమ్మును ఆమె వైపు వంచి పట్టుకున్నాడు. నాగరత్నమ్మ మాత్రం అలవాటుగా, "పచ్చి బాలింతవు, గడప దాటకూడదు..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. కూతురి దగ్గరికి వచ్చి తలకు చుట్టిన గుడ్డ విప్పింది. చెవుల్లో దూది తీసి గుప్పిట్లో ముడుచుకుంది. తరువాత తనూ ఒక బిందె అందుకుంది.

బిందెలు నింపుకుని వాళ్ళు నలుగురూ వంక గట్టుకు నడిచారు. మైథిలికి బిందె చంకన పెట్టుకోవడం రాలేదు, రెండు చేతులా పట్టుకుని బట్టల మీద ఒలకబోసుకుంటూ నడిచింది. ఎండ మండిపోతోంది. కొత్త మన్ను అప్పటికే పక్క మన్నులా ఎర్రబారి బిగుసుకుపోయింది. చంద్రకళ మోకాళ్ళ మీద కూచుని, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పటిలా అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి జారేటట్టు నెమ్మదిగా పోసింది. నేల చిటపటమని తాగింది. ఒక బిందె, ఇంకొకటి. ఇంటికీ గట్టుకూ తిరిగి తిరిగి డ్రమ్ము అడుగు దాకా తెచ్చారు. ఎంత పోసినా మన్ను పైన తడి నిలవలేదు. కడపటి బిందె నాగరత్నమ్మ పోసింది. పోస్తూ ఏమో గొణిగింది. అది మంత్రమో, పాపకు చెప్పే మాటో ఎవరికీ వినపడలేదు.

తిరిగి వచ్చేసరికి పక్కింటి హాజిరమ్మ తన వాకిట్లో నిలబడి చూస్తోంది. "మా కొళాయిలో ఇప్పుడే వచ్చినాయి. మన్ను వాసన కొడ్తాండాయి గానీ నీళ్ళే. పట్టుకోండి" అంది.

ఓబులేసు ఇంట్లోకి పోయి ఇత్తడి చెంబు తెచ్చుకుని ఆమె బిందెలోనుంచి నింపుకున్నాడు. చంద్రకళ మగ్గం గది గడప మీద కూచుని ఉంది. ఆయన ఆమె ముందు కూచుని చెంబు చేతికిచ్చాడు. పురిటిగదిలోనుంచి ఆమె అడిగిన సాయంత్రం ఇవ్వని నీళ్ళు. ఆమె నీళ్ళ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. రెండు చేతులతో ఎత్తి, గడగడా, ఊపిరి తీసుకోకుండా తాగింది. చెంబు ఖాళీ చేసి పెదాలు తుడుచుకుంది.

"ఇంగా కావల్ల నాయనా" అంది.

ఆయన చెంబు తీసుకుని లేచాడు.